డ్రమ్స్ లేని ఆల్బమ్

మొదటి పాట అయిపోయింది. డ్రమ్స్ లేవు.

రెండోదీ అంతే.

అన్నీ విన్నాక డ్రమ్మర్ ఇయర్‌ఫోన్స్ పీకి మంచం మీదకు విసిరాడు. ఎడం చేత్తోనే. కుడి భుజంలో ప్లేటు వేసి స్క్రూలు బిగించారు మరి. స్టేజీ మెట్ల మీంచి సామాను దించుతూ పడ్డాడు. ఏడాది దాకా స్టిక్స్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

ఆ ఏడాది తిరక్కముందే బ్యాండ్ కొత్త ఆల్బమ్ తీసేసింది.

అతను లేకుండా.

ఒకప్పుడు వాళ్ళ పాట మొదలైతే హాలు కుర్చీలు అదిరేవి. ఇప్పుడు ఎవరో పసిపిల్లని జోకొడుతున్నట్టుంది.

ఇదంతా ఆ పెట్టెగాడి పనే. తను ఆస్పత్రిలో పడుంటే, కీబోర్డూ మీటల పెట్టెలూ మోసుకుని బ్యాండ్‌లో చేరాడు. రావడం రావడం పాట తీరే మార్చేశాడు. వాణ్ణి తీసుకొచ్చింది ఎవరో కాదు, బ్యాండ్‌లో పాడే సొంత బావమరిది.

డ్రమ్మర్ ఫోన్ తీశాడు. అభిమానులు తిట్టిపోస్తున్నారు.

"విను. 'ఇకనుంచి నాకు నిద్రమాత్రలు అక్కర్లేదు'ట!"

ఇస్త్రీ చేస్తున్న భార్య తలెత్తలేదు.

"ఇదిగో ఇంకొకటి. 'మా బ్యాండ్‌ని మాకిచ్చేయండి'ట!"

"మీ వాళ్ళనే కదండీ తిడుతున్నారు. అంత సంబరమేమిటి?"

"మా వాళ్ళా? అందులో నేనెక్కడున్నాను?"

"నాకు మాత్రం నాలుగో పాట బాగుంది."

భుజం నొప్పి అతనికి అలవాటే. ఈ నొప్పి కొత్తది. పెళ్ళయినప్పట్నుంచీ ఆమె ఏ పాటనీ ఇలా అడక్కుండా మెచ్చుకోలేదు. తను వాయించిన వాటిలో ఒక్కదాన్ని కూడా.

ఒళ్ళు మండిపోయింది. తన పేరుతోనే ఆ తిట్ల కింద రాసి పెట్టేశాడు.

"దీనికంతటికీ కారణం కొత్తగా వచ్చిన పెట్టెగాడు. నేను పడ్డానని తెలియగానే నా చోట్లో దూరి, బ్యాండ్‌ని నిలువునా ముంచాడు."

సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. అప్పటిదాకా బ్యాండ్‌ని తిట్టినవాళ్ళంతా పెట్టెగాడి మీద పడ్డారు. డ్రమ్మర్ ఒక్కొక్కటీ చదువుకున్నాడు. కడుపు చల్లబడింది.

మర్నాడు తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక సన్నపాటి మనిషి. నెరిసిన జుట్టు, చేతిలో హెల్మెట్. ఫోటోల్లో చూసిన ముఖమే.

"ఒక్క రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతానండీ."

"నువ్వా? నా చోటు చాల్లేదా? ఇల్లు కూడా కావాలా?"

అతను ఆ మాట విననట్టే భుజం వైపు చూశాడు.

"చెయ్యి ఎంతవరకు లేస్తోందండీ?"

"ఎందుకు? లేవదని తెలిస్తే నిశ్చింతగా ఉందామనా?"

"అయ్యో, అది కాదండీ. తొందరపడి బరువులు ఎత్తకండి. తొందరేం లేదు, నేను చెప్పొచ్చిందేమంటే..."

"నాకు తొందర లేదని నువ్వు చెప్పాలా?"

ధడాల్న తలుపేశాడు.

వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చిన భార్య అక్కడే ఆగిపోయింది.

"పాపం, ఏదో చెప్పబోయాడండీ."

"నీ తమ్ముడు పంపుంటాడు. వాడితో కూడా చెప్పు, ఈ గడప తొక్కొద్దని."

ఆమె ఆ నీళ్ళు తనే తాగేసి లోపలికి వెళ్ళిపోయింది.

వేసవి పోయి వానలొచ్చాయి. కసరత్తుకని తలుపు మీంచి వేలాడదీసిన తాడు లాగి లాగి డ్రమ్మర్ చెయ్యి తలపైకి లేవడం మొదలెట్టింది. ఇక వాయించుకోవచ్చన్నాడు డాక్టరు.

ఆ కబురు అక్క ద్వారా తెలిసి బావమరిది వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బావా, వచ్చేయ్. వచ్చే నెల నుంచి రిహార్సల్స్."

"నేనా? మరి మీ పెట్టెగాడు?"

"మానేశాడు. నువ్వు రాసినదాని తర్వాత జనం అతన్ని బతకనివ్వలేదు. ఇల్లు కూడా ఖాళీ చేశాడు. ఫోన్ పనిచెయ్యట్లేదు."

"పీడా పోయింది."

"అలా అనకు బావా." బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు పడ్డ వారానికే వేరే డ్రమ్మర్‌ని చూసేశాం. కుర్రాడు బ్రహ్మాండంగా వాయించాడు. నాతో సహా అందరం సరేనన్నాం."

డ్రమ్మర్ కళ్ళార్పకుండా చూశాడు.

"అప్పుడే కీబోర్డ్‌కి చేరిన అతనొక్కడే అడ్డం తిరిగాడు. 'కుర్రాడు కూర్చున్నాక ఆయన తిరిగొస్తే, లేవమని మీలో ఎవరు చెబుతారు?' అనడిగాడు. 'ఈ ఒక్క ఆల్బమ్ డ్రమ్స్ లేకుండా చేద్దాం, తిట్లు నేను పడతాను' అన్నాడు. అలా మారింది బావా మన పాట."

"మరి... నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"నీ చోటు ఖాళీగా ఉంచామని తెలిస్తే చెయ్యి బాగవకముందే పరిగెత్తుకొస్తావని వద్దన్నాడు. నువ్వు అలా రాశాక, బాధపడుతున్నావని తనే చెప్పడానికి వచ్చాడు. నువ్వు వినలేదట."

డ్రమ్మర్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ముక్కూ మొహం తెలియని వాణ్ణి. నా గురించి అతనికెందుకురా అంత పట్టింది?"

"నేనూ అదే అడిగాను బావా. కుర్రతనంలో తనూ ఒక బ్యాండ్‌లో డ్రమ్మరేనట, కామెర్లొచ్చి మంచం దిగేసరికి తన చోట్లో ఇంకొకడు వాయిస్తున్నాడట."