పదో ప్రయత్నం

తొమ్మిదోసారి కూడా తప్పనే చూపించింది లాప్‌టాప్.

'ఇంకొక్క అవకాశమే ఉంది. ఆ తరవాత ఈ ఫోల్డర్‌లోనివన్నీ చెరిగిపోతాయి.'

శాంభవి చటుక్కున చేతులు వెనక్కి తీసుకుంది.

ఆ లాప్‌టాప్ కూతురు సాయిశ్రీది. బైపాస్ మీద లారీ గుద్ది, ఆ పిల్ల పోయి నలభై రోజులయింది.

ఫోల్డర్ పేరు 'నావి'. లోపల ఫోటోలున్నాయో, రాతలున్నాయో తెలియదు. ఏముంటే అదే మిగిలింది.

పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తుకు రావడానికి కూతురు రాసుకున్నది ఒకే మాట: 'ఇంటిపేరు'.

తమ ఇంటిపేరును శాంభవి చిన్న అక్షరాల్లో కొట్టింది. పెద్ద అక్షరాల్లో కొట్టింది. వెనక పుట్టినతేదీ చేర్చి కొట్టింది.

రిపేరు షాపతను ఫోన్లోనే చేతులెత్తేశాడు.

"పదోసారి మాత్రం కొట్టకండమ్మా. పోతే బ్రహ్మదేవుడు కూడా తేలేడు."

ఆటోనగర్‌లో సాయిశ్రీ పనిచేసిన ఆఫీసుకి ఫోన్ చేసింది. కంప్యూటర్ల సంగతి తెలిసినవాళ్ళెవరినైనా పంపిస్తామన్నారు.

సాయంత్రానికి భవానీపురంలోని ఫ్లాటుకి ఒకతను వచ్చాడు. గడ్డం మాసి ఉంది. బూట్లు గుమ్మం బయటే విప్పాడు.

"బెన్నీ అండి. ఆఫీసు నుంచి."

"ఒక్కసారే ఉంది బాబూ. తియ్యడం నిజంగా తెలుసా, చూద్దాం అని వచ్చావా?"

"పోనివ్వనండి."

తెరమీది ఆ ఒక్క మాట చదివాడు. కదలకుండా కూర్చుండిపోయాడు.

"తెలియకపోతే వదిలెయ్ బాబూ, నీకు పుణ్యముంటుంది."

అతను నెమ్మదిగా కొట్టాడు.

ఫోల్డర్ తెరుచుకుంది.

అతను లోపలికి చూడనైనా చూడలేదు. లాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పి లేచాడు.

"నీకెలా తెలుసు?"

అతను గుమ్మం వైపు కదిలాడు.

"నిన్నే అడుగుతున్నా. కన్నతల్లిని, నాకు తెలియంది నీకెలా తెలుసు?"

"నాది పక్క సీటండి. తను కొడుతుంటే... చూశాను."

"చూశావా! పెళ్ళికాని పిల్ల వెనక నిలబడి తొంగిచూశావా? ఇంకా ఏమేం చూశావేంటి?"

"తప్పేనండి."

"ఎంత తేలిగ్గా చెబుతున్నావయ్యా! చదువుకున్నవాడివేనా?"

అతను గోడకున్న సాయిశ్రీ ఫోటో వైపు తిరిగాడు.

"రేపట్నుంచి నేనీ ఊళ్ళో ఉండనండి. ఒక్కసారి దణ్ణం పెట్టుకుని వెళ్తాను."

"దాని ఫోటో ముందు కూడా నువ్వు నిలబడడానికి వీల్లేదు. నడు."

బూట్లు చేత్తో పట్టుకునే మెట్లు దిగాడు. శాంభవి తలుపేసి గడియ పెట్టింది.

కళ్ళజోడు తుడుచుకుని కూర్చుని, అన్నిటికంటే పైనున్న ఫోటో తెరిచింది.

రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద మెళ్ళో దండతో నవ్వుతోంది సాయిశ్రీ. పక్కన, అలాంటి దండతోనే, ఇందాక తను గడప దాటించిన అల్లుడు.