పాడుపెట్టిన ఇంటి మిద్దె

"ఎవ్వరు లేని ఇంట్ల మిద్దె ఉరిస్తే ఎవరు తడుస్తరు రుక్కమ్మా?" అన్నాడు మిద్దెలు బాగుచేసే సుతారి పెంటయ్య.

రుక్కమ్మ ఆకాశంలో మబ్బుల కేసి చూసింది. "మొగులు వట్టింది పెంటన్నా, జల్ది ఎక్కు," అంది.

పెంటయ్యకు ఏమీ పాలుపోలేదు. రుక్కమ్మ మొగుడు భీమయ్య చెడు నక్షత్రంలో పోయాడని కోడేరు ఊరందరికీ తెలుసు. పంతులు చెప్పినట్టు శివరాత్రి దాకా ఇల్లు పాడుపెట్టి, వాకిలికి తుమ్మకంప కొట్టారు. అంతవరకు లోపల మనిషి అడుగు పడకూడదు, దీపం వెలగకూడదు. రుక్కమ్మ పక్కింటి పశువుల కొట్టంలో తల దాచుకుంటోంది. ఆ కొట్టం వానకు జల్లెడైపోతున్నా పట్టించుకోని మనిషికి, ఖాళీ ఇంటి మీద ఇంత రంధి ఏమిటో.

"లోపటికి పోకుండ యాడ ఉరుస్తుందో ఎట్ల తెలుస్తది? నా కండ్లు మిద్దెల నుంచి సూస్తయా?"

"నీకు తెల్వని ఉపాయమా అన్నా. నువ్వే కావాలెనని గదా పిలిచిన. జర మెల్లగ మాట్లాడు."

మెల్లగా ఎందుకు మాట్లాడాలో కూడా అతనికి అర్థం కాలేదు. సందు మొదట్లో పోలీసు జవాను బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. సర్కారు నిషేధించిన మూడురంగుల జెండా ఊళ్లో ఎత్తి పారిపోయిన పోరగాళ్ల కోసం కాపలా. ఆ పోరగాళ్లలో పెంటయ్య కొడుకు బాలరాజు ఒకడు. ఉన్నాడో, ఏ గుట్టల్లోనైనా కాల్చి పడేశారో కబురు లేదు. పెంటయ్య జవాను వైపు చూడకుండా, నీళ్ల బిందె, చీలికలు పూడ్చే చౌడుమన్ను తట్ట పట్టుకుని పక్కింటి నిచ్చెనెక్కి, ఆ మిద్దె మీది నుంచి ఈ మిద్దె మీదికి దిగాడు.

లోపలికి పోలేని సుతారికి చెవులే దిక్కు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచి మీద కుండ బోర్లించి ఉంది. దాన్ని పక్కకు పెట్టాడు. మట్టి చీలిన చోట చెంబెడు నీళ్లు కుమ్మరించి, పరుగున వచ్చి గవాచికి చెవి ఆనించాడు. కారిన నీళ్లు మట్టినేల మీద తపుక్కుమనాలి. టంగుమన్నాయి.

ఇల్లు ఖాళీ చేసినప్పుడు గిన్నె మరిచిపోయారు కాబోలు అనుకున్నాడు. ఇంకో మూలన పోశాడు. అక్కడా టంగుమంది. అనుమానమొచ్చి నడిమధ్య పోశాడు. లోపల ఏదో జరజరా జరిగింది, ఆ వెనకే టంగుమంది.

పెంటయ్య మిద్దె అంచుకు పాక్కుంటూ వచ్చి కిందికి వంగాడు.

"రుక్కమ్మా, లోపట గిన్నె నడుస్తుంది."

"నడవనియ్యి. నువ్వు చౌడు పొయ్యి," అంది రుక్కమ్మ, జవాను వైపే చూస్తూ.

ఆమెకు భయం లేదు, ఆశ్చర్యం లేదు. మొగుడు పోయి మతి చెడిందేమో అనుకున్నాడు. గిన్నె నడిపేది భీమయ్యే, సందేహం లేదు. చెడు నక్షత్రంలో పోయినవాడు ఇల్లు వదులుతాడా? దూకి పారిపోదామంటే కింద జవాను ఉన్నాడు. చేసేది లేక వెనక్కి పాకి గవాచి ముందు మోకాళ్ల మీద కూలబడి, చేతులు జోడించి గుసగుసగా అన్నాడు.

"భీమయ్యా, నీ ఇల్లు నిలవెట్టెటందుకే వచ్చిన. నన్నేం జెయ్యకు. ఉన్నది ఒక్క కొడుకు. ఆడు ఇంటికొచ్చేదాక నన్ను బతకనియ్యి."

కిందనున్న చీకట్లో గిన్నె ఆగింది. కాసేపటికి సన్నగా ఒక గొంతు పైకి వచ్చింది.

"దడుసుకోకు నాయినా, నేనే, నీ బాలరాజును. ఉరిసేది ఆడ గాదు, జర ఎడమకు జరుగు."