మూడు కిలోల వీరనారి

“మూడా?” శ్రీవారు కాఫీ గ్లాసు కిందపెట్టి మరీ నవ్వారు. “మూడు కిలోలు ఎత్తడానికి జిమ్ముకెళ్ళాలా? నా చెప్పులే అంతకన్నా బరువుంటాయి కదే!”

జ్వరంపడి లేచిన దగ్గర్నుంచీ టైలరమ్మ చేతుల్లో సత్తువ లేదు. ఇల్లు ఇరుకు కావడంతో కుట్టుమిషను పొద్దున్నే బల్ల మీదికి ఎక్కాలి, రాత్రికి మంచం కిందికి దిగాలి. ఆ ఎక్కించే పని ఇప్పుడు శ్రీవారి చేతుల్లోకి పోయింది. ఆయన ఊరికే ఎక్కిస్తారా? “ఏమండీ, కాస్త...” అని బతిమాలుకోవాలి. ఆ తర్వాత ఆడవాళ్ళ ఒంటి తత్వం మీద ఓ ఉపన్యాసం వినాలి. గౌను తొందరగా కావాలంటూ గుమ్మంలో ఎవరైనా నిలబడి ఉంటే ఉపన్యాసం ఇంకాస్త సాగుతుంది.

తన మిషను తానే ఎత్తుకోవాలని టైలరమ్మ జిమ్ములో చేరింది. ఆమెకున్నది ఆ ఒక్క కోరికే.

జిమ్ము వీధి చివరే. ఒకటే హాలు. పొద్దున మగవాళ్ళకి, మధ్యాహ్నం ఆడవాళ్ళకి. శ్రీవారు పొద్దుటి బ్యాచ్‌లో పాతకాపు. చేరిన రోజే, “ఇరవైకి తక్కువైతే నేను ముట్టుకోను. అవి పిల్లలు ఆడుకునేవి” అని కోచ్ మేడమ్‌కి చెప్పేశారట. అన్నట్టే ఇరవై ఎత్తుతున్నారు. నల్ల తొడుగేసిన ఇనుప గుండు, దాని మీద తెల్లగా మెరిసే ఇరవై అంకె, పక్కన బిగుసుకున్న ఆయన ముఖం. ఆ ఫోటో చూడకుండా వీధిలో ఎవరూ తప్పించుకోలేదు.

టైలరమ్మ మొదటిరోజే భయపడుతూ ఒప్పేసుకుంది.

“నాకు బలం లేదు మేడమ్. పది అంటే పారిపోతాను.”

“పారిపోయినవాళ్ళని చాలామందినే చూశానమ్మా,” అంది కోచ్. “గుండుని ముట్టుకోనైనా ముట్టుకోరు. దాని మీద రాసింది చదివి వెళ్ళిపోతారు. మీరు మూడుతో మొదలుపెట్టండి.”

పైన పిడి ఉన్న గుండు. దాని ఒంటికి పూలపూల గుడ్డ తొడుగు. తొడుగు మీద దారంతో కుట్టిన మూడు అంకె. పక్కన టిచ్ బటన్లు, అంచుకి జంట కుట్టు. చక్కటి పనితనం అనుకుంది టైలరమ్మ. గుండు మాత్రం మోకాలి దాకా లేచి చేతుల్లోంచి జారిపోయింది.

మూడు కిలోలకే! ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“కదిలింది కదా, ఇవాళ్టికి చాలు. నడుం వంచకండి, కాళ్ళ బలంతో లేవండి,” అంది కోచ్.

కొన్నాళ్ళకి అది రెండు చేతులతో లేచింది. ఇంకొన్నాళ్ళకి ఒంటిచేత్తో లేచింది. ఇంట్లో మాత్రం రోజూ అదే వరస.

“ఎంతదాకా వచ్చింది?”

“మూడేనండీ.”

“ఇంకా మూడేనా! చూడండమ్మా, మా ఆవిడ మూడు కిలోల వీరనారి,” అని గుడ్డలివ్వడానికి వచ్చినవాళ్ళకి పరిచయం చేసేవారు.

ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే కుట్టుమిషను చప్పుడు వినబడింది. నురగ ముఖంతోనే పరుగెత్తుకొచ్చారు.

“ఇది బల్ల మీదికెలా వచ్చింది?”

టైలరమ్మ కూడా అప్పుడే చూసుకుంది. “పని తొందరలో... నేనే ఎత్తినట్టున్నానండీ.”

ఆయన వంగి మంచం కిందికి తొంగి చూశారు. “నీ మొహం! రాత్రి నేను దించడం మరిచిపోయుంటాను. మూడు కిలోలదానివి, పన్నెండు కిలోల మిషను నువ్వెత్తడమేంటి?”

లెక్క చూస్తే ఆయన మాటే నిజమనిపించింది. ఆమె నమ్మింది. మర్నాటి నుంచి మళ్ళీ ఆయన్నే బతిమాలుకుంది.

అయినా జిమ్ముకి వెళ్ళడం మానకపోయేసరికి శ్రీవారు పందెం వేశారు. “నెలాఖరుకి ఐదు ఎత్తి చూపించు. ఎత్తితే నీ మిషను జోలికి నేను రాను. లేదంటే ఆ జిమ్ము మానేసి బుద్ధిగా నన్ను అడుగు.”

“సరే” అంది, పౌరుషం కొద్దీ.

ఐదు అంకె ఉన్న గుండు ససేమిరా అంది. నెలాఖరు రోజున కూడా జానెడు లేచి దబ్బున పడింది. “వచ్చే వారం లేస్తుందమ్మా, చూస్తూ ఉండండి,” అంది కోచ్. టైలరమ్మకి వచ్చే వారం లేదు.

మర్నాడు శ్రీవారు జిమ్ము నుంచి చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. “ఇవాళ కూడా ఇరవై! పోన్లే, ఏడవకు. ఒక్కో ఒళ్ళు ఒక్కో రకం,” అన్నారు ఎంతో పెద్దమనసుతో.

ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం కూడా రాలేదు. తన చేతుల మీదే అసహ్యం వేసింది.

తోటి ఆడవాళ్ళెవరి కంటా పడకుండా లాకరు తాళం ఇచ్చేసి వద్దామని త్వరగా బయల్దేరింది. మగవాళ్ళంతా వెళ్ళిపోయినట్టున్నారు. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి తొంగి చూసింది.

కోచ్ మేడమ్ నేల మీద చతికిలబడి, టిచ్ బటన్లు టకటకా విప్పి, శ్రీవారి ఫోటోలోని గుండుకున్న ఇరవై అంకె నల్ల తొడుగు ఊడదీసి, అదే గుండుకి మూడు అంకె కుట్టిన పూలపూల తొడుగు వేస్తోంది.