మూడుంబావు వాన

ఆ పొద్దు మబ్బు కిందికి దిగి కొబ్బరిచెట్ల తలలకు ఆనుకొని ఉంది. రాత్రి తుంపరకు వాకిలి మచ్చలు మచ్చలుగా తడిసింది. నందిత పళ్లు కూడా తోమకుండా బట్టలుతికే రాయి కాడికి పోయి, దాని మీద పెట్టిన సీసాకు స్కేలు ఆనించింది.

"అర అంగుళం అవ్వా."

కుప్పాయి పొయ్యి ఊదడం ఆపి, సరిగ్గా చూడమంది, మళ్లీ చూడమంది. అర అంగుళమే.

నందిత ఏరియూరు పక్కనున్న పల్లెబడిలో ఐదో తరగతి. పైభాగం కోసేసిన సీసాతో అరవవాళ్ల ఆడినెల వానను ఇంటికాడే కొలవమని మేనక టీచరు చెప్పింది. ఒక గీత గీసి, పావు పావుకూ గుర్తు పెట్టి, వాన పడినప్పుడల్లా అది ఎంత పడిందో ఆ గుర్తు పైన ఒక ఇంటూ వేసి, సీసా ఖాళీ చేయాలి. బళ్లో అరవంలో కాల్, అరై, ముక్కాల్ అని నేర్చుకున్నవి ఇంటికొచ్చేసరికి పావు, అర, ముప్పావు అయ్యేవి.

ఆ పిల్లకు అది బడిపని మాత్రమే కాదు. అమ్మ తిరిగి రావడం ఆ సీసాలోనే ఉంది.

బోరు వేస్తానని నందిత నాయన మురుగేశన్, పెళ్లాం సుగన్య ఆవును ఆమెను అడక్కుండా అమ్మినాడు. బోరులో దుమ్ము లేచింది. సుగన్య అదే వారం తిరుప్పూరు బనియన్ కంపెనీకి పోయింది. ఆ ఇంట్లో తొలి పిడికెడు విత్తనం ఇల్లాలే వేయాలి, కుప్పాయి వాళ్లత్త కాలంనుంచీ అంతే. అందుకని పోతా పోతా ఒక మాట అనింది. మూడు అంగుళాల వాన పడితే చెప్పండి, చెనిక్కాయ విత్తనం ఒక పిడికెడు వేసి అదే పొద్దు బస్సెక్కుతాను, అని.

ఆమె వేయకపోతే మొలవదా, అన్నాడు మురుగేశన్. ఆ తర్వాత పెళ్లాం పేరెత్తలేదు. ఆమె ఫోను వస్తే లేచి బయటికి పోయేవాడు.

ఆదివారం నందిత ఇంటూలన్నీ కూడి అమ్మకు ఫోను చేసింది. పావు మీద నాలుగు, అర మీద మూడు, ముప్పావు మీద ఒకటి ఉన్నాయి. పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కూడినానని చెప్పింది. అర, పావు కలిస్తే ఆరులో రెండు వచ్చిందట.

"ఏమే, అర అంగుళం మీద ఇంకో పావు పడితే అరకంటే తగ్గిపోతుందా? మధ్యలో ఎండగాని కాసిందా?"

నందితకు నవ్వొచ్చింది. అన్నిటినీ పావులు చేసుకోమంది సుగన్య. అరకు రెండు, ముప్పావుకు మూడు. నందిత వేళ్లు మడిచింది.

"పదమూడు పావులమ్మా."

అవతల సుగన్య నాలుగు పావులకొక అంగుళం చొప్పున లెక్కేసుకుంది.

"మూడుంబావు," అనింది సుగన్య. "విత్తనం ఒలిచి పెట్టమను అవ్వను."

గడపలో ఉన్న మురుగేశన్ ఇదంతా విన్నాడు. "ఆ సీసా తీసి అవతల పారెయ్, కాలికి అడ్డం," అని తువ్వాలు భుజాన వేసుకొని వెళ్లిపోయినాడు.

పోతే మళ్లీ పనిలోకి రావద్దని మేస్త్రీ అన్నా సుగన్య వచ్చింది. బస్సు దిగి ఇంటికి రాలేదు, సంచితోనే నేరుగా చేనికి నడిచింది. విత్తనాల గంపతో కూతురు, వెనకాలే అత్త.

గనిమ గట్టు దాటి వంగి, మట్టిలో చెయ్యి పెట్టింది. గోరంత లోతు తడి. దాని కింద పిండిలాంటి దుమ్ము, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఇంకో చోట తవ్వింది. అక్కడా అంతే. ఆమె కూతురివైపు తిరిగింది.

"మూడుంబావు పడిన నేలా ఇది?"

నందిత గంప దించి, వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టింది. పదమూడే.

"లెక్క తప్పలేదమ్మా. సీసాలో ఉన్నిందే చూసినాను."

సుగన్య కూతుర్ని చూసింది. అబద్ధం చెప్పే ముఖం కాదది. అయితే సీసాలో పడిన తుంపరకు ఎవరో నీళ్లు కలిపినారు. ఇక్కడ విత్తడానికి లేదు, అక్కడికి పోదామంటే పని లేదు.

"ఎవరు పోసినారే?"

నేను కాదని నందిత ఏడ్చింది. కుప్పాయి మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"పాపను ఏమీ అనొద్దు. నేనే పోసినాననుకో."

"అనుకోవడమేంది అత్తా?"

కుప్పాయి విత్తనాల గంప నెత్తికెత్తుకుంది. సుగన్యకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. ముసలామె మీద కోపం రావాల్సింది, రాలేదు. సాయంత్రం బస్సుకు పోతానని మాత్రం చెప్పింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చినాక కుప్పాయి రాగిముద్ద, ఆకుకూర పులుసు వడ్డించింది. మురుగేశన్ కూడా వచ్చి, ఎవరినీ చూడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నలుగురూ తిన్నారు. సుగన్య సంచి ఆమె మోకాలి పక్కనే ఉంది. నందిత ముద్ద ముద్దకూ దాన్నే చూస్తోంది. పులుసు ఇంకొంచెం కావాలని కూడా ఎవరూ అడగలేదు.

సుగన్య చెయ్యి కడుక్కోవడానికి లేవబోయింది.

"నీళ్లు పోసింది నేను," అన్నాడు మురుగేశన్.