బఫర్ అవతలి వైరు

తిరిగొచ్చిన కార్డు ఇది నాలుగోది.

అంజయ్య దాన్ని బల్ల మీద పడేసి, పక్కనున్న స్టూలును కాలితో తన్నాడు. స్టూలుకు ఏమీ కాలేదు. దెబ్బ కాలికే తగిలింది.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో అదో రేకుల షెడ్డు. ఫ్యాక్టరీల్లో ఆవిరి వాల్వులను తెరిచి మూసే కంట్రోల్ కార్డులు అక్కడ తయారవుతాయి. తయారవుతాయంటే, ఏడో తరగతితో బడి మానేసిన అంజయ్య ఒక్కడే చేస్తాడు. ఓనరు కామేశ్వరరావు సంతకాలు చేస్తాడు.

హత్నూర వైపు ఒక మందుల ఫ్యాక్టరీకి మూడేళ్లలో అరవై కార్డులు పోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఈ నెల పంపినవి మాత్రం నాలుగుకు నాలుగూ వచ్చేశాయి. సోమవారం లోగా సరిచేసి ఇవ్వకపోతే ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది.

"పోతే నేను షెడ్డుకు తాళం వేసుకుని మా ఊరెళ్తాను. నీ సంగతి నువ్వు చూసుకో," అని చెప్పి కామేశ్వరరావు పొద్దున్నే కారెక్కాడు.

సరిచేయాలంటే తప్పేమిటో తెలియాలి కదా. బల్ల మీదున్న వాల్వు కాయిల్‌కు తగిలిస్తే కార్డు బుద్ధిగా పనిచేస్తుంది. ఫ్యాక్టరీకి పోగానే వాల్వును సగంలో వదిలేస్తుంది.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ కిష్టప్ప ఒక ముసలాయనను వెంటబెట్టుకొచ్చాడు.

"అంజన్నా, ఈయన నిన్నే కలవాల్నంట."

నెరిసిన గడ్డం. చేతిలో రేకు పెట్టె. చెప్పుల నిండా రోడ్డు దుమ్ము.

ఇలాంటివాళ్లు రోజుకు నలుగురు వస్తారు, మూతపడ్డ ఫ్యాక్టరీల నుంచి. ఆ వాడలో కారులో దిగినవాడు ఆర్డరిచ్చే పార్టీ, నడిచొచ్చినవాడు పని అడగడానికి వచ్చినవాడు. మూడో లెక్క లేదు.

"పని లేదు చాచా. నా పనే ఉంటదో పోతదో తెల్వదు."

"పని కోసం రాలే బేటా. ఆ కార్డు జెర చూపియ్యి."

చూపించక ముందే ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని బల్ల మీదకు వంగాడు.

"ఈ చిన్న చిప్పు, ఆప్‌ఆంప్ ఐసీ, దీనికి తెలివుంటది గని బలముండదు. కాయిల్‌కు కరెంటియ్యాలంటే దాని వెనక ఈ రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు, బఫరు, ఉండాలె. అవునా?"

"అది నాకే చెప్తున్నవా? చేసింది నేను."

"మంచిగ చేసినవ్. గని ఐసీకి వాపసొచ్చే వైరు బఫర్ ఇవతలనే తీసినవ్. అవతల ఏం జరుగుతున్నదో దానికెట్ల తెలుస్తది? బఫరు గరమైతది, వోల్టేజి జారుతది, ఐసీ మాత్రం అంతా బరాబర్ ఉన్నదనుకుంటది. వైరు బఫర్ అవతల నుంచి తియ్యి."

అంజయ్యకు ఒళ్లు మండింది. మొదటి కార్డు అలాగే చేశాడు. వోల్టేజి చూపే మీటరు ముల్లు జ్వరమొచ్చినట్టు వణికితే వైరు ఇవతలికి మార్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"అట్ల తీస్తే వణుకుతది. మాకు తెల్వకనా?"

"వణుకుతే ఐసీ కాడ చిన్న కెపాసిటర్ ఒకటి పెట్టు. నెమ్మదిస్తది."

"ఇసుంటి కార్డులు ఎన్ని చేసినవ్ చాచా?"

"ఒక్కటి గూడ చెయ్యలే."

"చూసినవా కిష్టప్పా. ఒక్కటి చెయ్యనాయన చెప్తుండు, అరవై చేసినోణ్ణి నేను వింటున్న."

కిష్టప్ప కిసుక్కున నవ్వాడు.

"నేను యాడికెల్లి వస్తున్నంటే..."

"యాడికెల్లి వస్తే నాకేంది? పొద్దుగాల ఓనరు తిట్టిండు, ఇప్పుడు నువ్వు. ఇగ మిగిలింది ఈ కిష్టప్పనే. పో చాచా, బస్సు పోతది."

ముసలాయన కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గుస్సా కాకు బేటా. వైరొక్కటే. మిగతదంతా పక్కాగున్నది."

పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అంజయ్య కార్డును నడుస్తుండగానే వదిలేసి టిఫిను విప్పాడు. రేకుల కింద ఉడికిపోతున్నాడు. బల్ల మీది ఫ్యాను తనవైపు తిప్పుకున్నాడు.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, మీటరు ముల్లు నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది.

టిఫిను పక్కకు జరిపాడు.

మూడేళ్లుగా ప్రతి కార్డునూ ఆ ఫ్యాను గాలిలోనే పరీక్షించాడు. బాయిలరు పక్కన ఫ్యాను ఎవడు పెడతాడు?

ఎంగిలి చెయ్యి కడుక్కుని వైరు బఫర్ అవతలికి మార్చాడు. ముల్లు వణికింది. చిన్న కెపాసిటర్ పెట్టాడు. ఆగింది. ఫ్యాను కట్టేసి, చెమటలు కారుతున్నా గంట సేపు చూశాడు. ముల్లు కదల్లేదు.

గేటు దాకా పరుగెత్తాడు.

"ముసలాయన ఏడి?"

"నువ్వే పొమ్మంటివి. బీదర్ బస్సెక్కిండు."

అంజయ్య వెనక్కి వచ్చి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. స్టోర్సు చూసే కమలాకుమారి ఎత్తింది.

"మేడం, తప్పు దొరికింది. సోమవారం నాలుగు కార్డులు పంపిస్త. పాత అరవై గూడ పంపుండ్రి, అన్నిట్ల అదే తప్పున్నది."

"పాతవాటిలో లేదండీ. మా ఎలక్ట్రీషియన్ ఫజలుద్దీన్ గారు పోయిన నెల రిటైరయ్యారు. ఇవాళ క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు వెళ్తూ, దారి కాకపోయినా మీ షెడ్డుకు వస్తానన్నారే, చెప్పలేదా?"

అంజయ్య గేటు వైపు చూశాడు.

"మూడేళ్లుగా మీ కార్డు ఏది వచ్చినా బిగించే ముందు ఒక వైరు మార్చింది ఆయనేనండీ, కంప్లైంటు రాస్తే అక్కడ చేసేవాడి పని పోతుందని నన్ను ఒక్కసారి కూడా రాయనివ్వలేదు."