దూరం రాయని బోర్డు

బాణం తప్పు దిక్కుకు ఉందని అనంతయ్య పని ఆపించాడు.

ఉమ చేతిలో పసుపు రంగులో ముంచిన స్పాంజి అలాగే ఉండిపోయింది. వనపర్తిలో ఇంటి వరండాలోనే ఆమె చెక్క బోర్డులు చేస్తుంది. దుకాణంలో కత్తిరింపించి తెచ్చిన రేడియం స్టిక్కరును చెక్కకు అంటించి, అక్షరాల ముక్కలు ఒలిచేసి, ఆ ఖాళీల్లో రంగు అద్దుతుంది. 'తుమ్మలగడ్డ' అని ఊరి పేరు చక్కగా పడింది. కింద బాణం ఒక్కటే మిగిలింది.

"నేను గీసిచ్చిన కాగితం చూడు బిడ్డా. బాణం కిందికి ఉండాలె."

కాగితంలో కిందికే ఉంది. పెద్దాయన కాగితాన్ని అడ్డంగా పట్టుకుని గీశాడేమోననుకుని తానే కుడివైపుకు తిప్పానని ఉమ ఒప్పుకుంది. ఊరికి దారి చూపే బాణం కుడికో ఎడమకో ఉంటుంది. నేలను చూపిస్తే వచ్చినవాళ్లు ఎటు పోవాలని అడిగింది.

"యాడికీ పోరు. ఆడనే ఆగి చూస్తరు."

"గిట్ల పెడితే బోరుబావి అనుకుంటరు తాతా."

"అనుకోనీ."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అయినా వాదించలేకపోయింది. రేపు అతని భార్య రంగమ్మకు పదకొండో దినం. మనవలకు మన ఊరు చూపించమని, అక్కడ ఊరి పేరు బోర్డు కట్టమని చెప్పి కన్ను మూసిందట. పిల్లలంతా కొల్లాపూర్‌లో ఉన్నారు. ఎల్లుండికి ఎవరి దారిన వాళ్లు పోతారు. మళ్లీ ఇంతమంది ఒకచోట కూడేది ఎప్పుడో తెలియదు. నాలుగు గంటల బస్సుకు అతను బోర్డుతో ఎక్కాలి.

ఉమ బాణం ఉన్న మేర స్టిక్కరు పీకేసింది. మిగిలిన ముక్కలో బ్లేడుతో కొత్త బాణం కోసి, మొన కిందికి ఉండేలా అంటించి రంగు అద్దింది. ఆరుతుండగా, పాతడానికి వెనుక కర్ర కొట్టాలా అని అడిగింది. పాతేది లేదని, తాడు కట్టడానికి రెండు రంధ్రాలు చాలని అతను చెప్పాడు. నానినా రంగు పోవద్దన్నాడు. ఎంత వానకైనా పోదని ఆమె భరోసా ఇచ్చింది. వాన సంగతి కాదన్నట్టు అతను చేయి ఊపాడు.

స్టిక్కరు మెల్లగా ఒలిచింది. అంచులు చెదరకుండా వచ్చాయి. అనంతయ్య ఊరి పేరును వేలితో తాకబోయి, తడి ఆరలేదని గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

బాణం పక్కన కొంత జాగా మిగిలింది. దూరం లేకపోతే ఊరి బోర్డు వెలితిగా ఉంటుందని, ఎన్ని కిలోమీటర్లో చెబితే చేత్తోనే రాసిస్తానని ఉమ కుంచె అందుకుంది.

అతను చాలాసేపు లెక్క వేసుకున్నాడు.

"ఎండకాలమైతే ఇరవై అడుగులు. ఇప్పుడు అరవై దాటుతది. రాయకులే బిడ్డా."

ఉమ కుంచె పట్టుకుని అతని ముఖంలోకి చూసింది.

"ఊరు గట్ల జరుగుతదా తాతా?"

"డ్యాంల మునిగిన ఊరు యాడున్నది ఆడనే ఉన్నది. మీద కృష్ణ నీళ్లే పెరిగినయి."