సగం నీలం, సగం ఎరుపు

ఆగస్టు ముప్పై, శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. కాల్డర్‌బీ మైదానంలో ఫుట్‌బాల్ ఆట మొదలైంది. కాల్డర్‌బీ ఆటగాడు గియా తోర్దియా మాత్రం బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"చూశావా? ఇవాళ బెంచీ," అన్నాడు స్టాండులో కూర్చున్న క్లైవ్. "సోమవారంతో ఆటగాళ్ల అమ్మకాలకి గడువు అయిపోతుంది. ఆలోపు వీణ్ని ఎవరికో ఒకరికి అంటగడితే పీడా విరగడవుతుంది."

పక్క సీట్లో గ్లెనిస్ మాంసం కూరిన పేస్ట్రీ తింటోంది. ఆమె నీలం చొక్కా వీపు మీద తోర్దియా పేరుంది. ఆ చుట్టుపక్కల వరసల్లో ఆ పేరున్న చొక్కా అదొక్కటే.

"మార్చిలో వాడు వరసపెట్టి గోల్స్ కొట్టినప్పుడు వాడి మీద పాట కట్టింది నువ్వే కదా క్లైవ్?"

"అప్పుడు కొట్టాడు, కట్టాను. కొత్త సీజన్ మొదలై మూడు ఆటలయ్యాయి, ఏం ఊడబొడిచాడు? జనవరిలో జార్జియా నుంచి రాగానే, ఇక్కడి చలి పడలేదన్నారు. సరే అనుకున్నాం. ఇప్పుడు ఆగస్టు. ఇప్పుడేం పడలేదట?"

"నీ నోరు పడలేదు. మూడు ఆటలకే మనిషిని వదిలించుకుంటారా? మీ ఆవిడ నిన్ను ముప్పై ఏళ్లుగా భరించడం లేదూ?"

వెనక వరసలో నవ్వారు. క్లైవ్ మెడ ఎర్రబడింది.

"సరే, పందెం. ఇవాళ నీ జార్జియా వీరుడు గోలు కొట్టకపోతే, బయట బండి మీద అమ్మే సగంసగం స్కార్ఫ్ కొనుక్కుని నువ్వు మెడకేసుకోవాలి. పబ్బులో, అందరి ముందూ."

ఆ స్కార్ఫ్ సగం సొంత జట్టు రంగు, సగం ఎదుటి జట్టు రంగు. ఇవాళైతే సగం కాల్డర్‌బీ నీలం, సగం థోర్న్‌సీ ఎరుపు. సరదాకి వచ్చిన పైఊరివాళ్లు కొంటారు. ఊళ్లోవాళ్లెవరూ ముట్టుకోరు.

"కొడితే నువ్వు వేసుకుంటావా?"

"రాత్రి పడుకునేదాకా విప్పను."

"అయితే సరే," అంది గ్లెనిస్. "వాడు గోలు కొడితే ఇంక వాణ్ని అమ్మే ధైర్యం ఎవడికుంటుందో నేనూ చూస్తా."

విరామం దాటినా ఎవరూ గోలు కొట్టలేదు. బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి గీత పక్కన పరిగెత్తుతున్నారు. తోర్దియాని మాత్రం ఎవరూ లేపలేదు. అతనే లేచి మేనేజరు దగ్గరికి వెళ్లి ఏదో అడిగాడు. మేనేజరు తల అడ్డంగా ఊపాడు. అతను అక్కడే నిలబడి మళ్లీ అడిగాడు.

"పంపమని అడుగుతున్నాడు చూడు," అంది గ్లెనిస్. "అదీ రోషమంటే."

"పంపకపోతే మేనేజరుకి బుద్ధుందని అర్థం," అన్నాడు క్లైవ్.

ఆట చివరికొచ్చాక కాల్డర్‌బీ ఫార్వర్డు తొడ పట్టుకుని కూలబడ్డాడు. మిగతా ఇద్దరు ఫార్వర్డులు వారంగా గాయాలతో ఇంట్లోనే ఉన్నారు. మేనేజరు బెంచీ వైపు చూశాడు. పక్కనున్న సహాయకుడితో చాలాసేపు మాట్లాడాడు. ఆఖరికి తోర్దియాకి సైగ చేశాడు.

అతను గీత దాటగానే సొంత స్టాండు నుంచే 'బూ' అని అరిచారు.

గ్లెనిస్ లేచి వెనక్కి తిరిగింది. "నోళ్లు ముయ్యండి! మన చొక్కా వేసుకున్నవాణ్ని మనమే తిడతామా? వాడికి చేతనైంది వాడు చేస్తాడు. మీకు చేతనైంది ఏంటి?"

"కూర్చోండమ్మా," అన్నాడు కాపలా కుర్రాడు.

"కూర్చోను. కావాలంటే మోసుకుపో."

అతను మోసుకుపోలేదు. ఆమె కూర్చోలేదు.

చివరి నిమిషంలో కాల్డర్‌బీకి కార్నర్ కిక్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది. అందరికంటే ఎత్తున తోర్దియా తల లేచింది. గోలు.

ఇందాక తిట్టినవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. క్లైవ్ పందెం మర్చిపోయి గ్లెనిస్‌ని వాటేసుకున్నాడు. తోర్దియా మాత్రం పరిగెత్తలేదు, గెంతలేదు. థోర్న్‌సీ అభిమానుల ఎర్ర స్టాండు వైపు తిరిగి, రెండు అరచేతులూ పైకెత్తి, తల వంచి నిలబడ్డాడు. తోటి ఆటగాళ్లు మీద పడినా చేతులు దించలేదు.

"ఇదేంటి?" అన్నాడు క్లైవ్. "పాత క్లబ్బు మీద గోలు కొట్టినవాడు కదా అలా క్షమించమని చేతులెత్తేది? ఉప్పు తిన్న ఇల్లని? వీడెప్పుడు ఆడాడు థోర్న్‌సీకి?"

"ఎప్పుడూ ఆడలేదు."

"మరి?"

గ్లెనిస్ ఆలోచించింది. "మనవాళ్లు చేస్తుంటే చూసి ఉంటాడు. ఎవరి మీద కొట్టినా చేతులెత్తాలనుకున్నాడు పాపం."

"మన ఆచారం సగమే వంటపట్టిందన్నమాట."

"మిగతా సగం నేర్చుకుంటాడులే. ఇక్కడే ఉంటాడుగా."

క్లైవ్ కట్టిన పాటని స్టాండంతా అందుకుంది. గొంతు కలపకుండా ఎంతోసేపు ఉండలేకపోయాడు క్లైవ్.

ఆరున్నరకి పబ్బులో క్లైవ్ మెడలో సగంసగం స్కార్ఫ్ ఉంది. వచ్చినవాళ్లల్లా అతని మీదికి ఆలూ చిప్స్ విసిరిపోతున్నారు.

"నీకు నప్పిందయ్యా," అంది గ్లెనిస్. "ఉండు, ఫోటో తీసి మీ ఆవిడకి పంపుతా."

"పంపు. ఈ వంకతోనైనా వదిలేస్తుందేమో."

ఏడు గంటలకి టీవీలో థోర్న్‌సీ క్లబ్బు ప్రకటన చదివారు. గియా తోర్దియాని తాము కొన్నామని, బేరం నిన్న, శుక్రవారం ఉదయమే కుదిరిందని, వైద్య పరీక్షలు ఆ సాయంత్రానికే ముగిశాయని.

క్లైవ్ స్కార్ఫ్ లాగి బల్ల కింద పడెయ్యబోయాడు.

గ్లెనిస్ చెయ్యి చాపింది.

"ఇటివ్వు," అని తీసుకుని, తన మెడకి చుట్టుకుంది.